ఇద్దరు మమతలు, ఒక రక్తం ప్యాకెట్

2017 జూన్‌లో నన్ను జనగామ జిల్లా నుంచి మహబూబాబాద్ జిల్లాకు బదిలీ చేశారు. ఉత్తర్వులో కారణం దగ్గర 'పరిపాలనా సౌలభ్యం' అని రాశారు. సర్కారు కొలువు చేసినవాళ్లకు ఆ మాట అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. అప్పటికి నేను హెడ్ నర్సును. స్టాఫ్ నర్సుకు పైన, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కింద ఉండే హోదా అది. ఒక వార్డులో మందుల అలమార తాళం నుంచి మంచాల మీది దుప్పట్ల దాకా జవాబు చెప్పాల్సింది ఆమె. జనగామ వైపు పనిచేసిన చోట, చూడటానికి ఒకేలా ఉండే రెండు రకాల ఇంజెక్షన్ సీసాలను ఒకే ట్రేలో పెట్టేవారు. వాటిని వేరు చేయమని అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ పెట్టాను. "చూద్దాం లే సిస్టర్" అన్నారు. ఇంకోసారి పెట్టాను. బదిలీ వచ్చింది.

నేను కొత్త చోట చేరేలోపే నా సంగతి అక్కడికి చేరింది. "అర్జీలక్క వస్తున్నదట" అని అనుకున్నారట. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలుసు, ఎవరెవరు వాడారో కూడా తెలుసు. మొదటి నెలవారీ సమావేశంలో డాక్టర్లకు కుర్చీలు వేశారు, ఫార్మసిస్టుకు వేశారు, స్టోరు గుమాస్తాకు వేశారు. నాకు వేయలేదు. సూపరింటెండెంట్ శస్త్రచికిత్స నిపుణుడు, పనిమంతుడు, వయసులో నాకంటే చిన్నవాడు. నేను గోడ పక్కన నిలబడి ఉండటం ఆయన చూశారు. చూసి, కాగితాల్లోకి తల దించుకున్నారు. నేను గంటసేపు నిలబడే ఉన్నాను.

ఆ దవాఖాన పేరు రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. డోర్నకల్‌లో రైలెక్కి వచ్చేవాళ్లు, తొర్రూరు బస్సు దిగేవాళ్లు, కురవి ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవాళ్లు, అందరికీ అదే దిక్కు అని చెబితే చాలు. నాకు బాలింతల వార్డు ఇచ్చారు.

ఆ వార్డు గురించి ఒక విషయం ముందే చెప్పాలి. ఆ చుట్టుపక్కల కురవి వీరభద్రస్వామికి మొక్కుకోని ఇల్లు తక్కువ. కొడుకు పుడితే వీరన్న, వీరభద్రం, వీరస్వామి, భద్రయ్య అని పెడతారు. వార్డు గుమ్మంలో నిలబడి "వీరన్నా" అని పిలిస్తే మెట్ల మీద కూర్చున్న మగవాళ్లలో సగం మంది లేచేవారు. ఆడపిల్లల పేర్లు కాలాన్ని బట్టి మారుతాయి. అప్పుడు కాన్పులకు వచ్చే వయసువాళ్లలో మమతలు, స్వప్నలు, శ్రావణిలు ఎక్కువ. మా కాగితాల్లో మాత్రం ఏ ఆడమనిషి పేరు రాసినా పక్కనే 'భర్త పేరు' అని ఒక గడి ఉండేది. మనిషిని గుర్తుపట్టేందుకు మాకు ఇచ్చిన రెండో ఆనవాలు అదే.

ఆగస్టులో ఒకేసారి ఇద్దరు మమతలు వార్డులో ఉన్నారు. ఒకామె డోర్నకల్ వైపు నుంచి వచ్చింది, ఆపరేషన్ కాన్పు. ఇంకొకామె అత్తవారి ఊరు, తల్లిగారి ఊరు రెండూ తొర్రూరు దగ్గరి పల్లెలే. మామూలు కాన్పు. ఇద్దరి భర్తల పేర్లూ వీరన్నే. డోర్నకల్ మమతకు రక్తం బాగా తగ్గింది. ఆమెది బి పాజిటివ్. ఒక ప్యాకెట్ ఎక్కించాలని డాక్టరమ్మ ఉదయం రౌండ్లలో రాసింది. తొర్రూరు మమతకు కూడా "రక్తం తక్కువున్నది, అవసరమైతే ఎక్కిద్దాం" అని చెప్పింది కానీ ఏమీ రాయలేదు. ఆమెది ఓ పాజిటివ్.

డోర్నకల్ మమత మంచం కిటికీ దగ్గర ఉండేది, బాత్రూముకు దూరం. తొర్రూరు మమత మంచం మూలన, బాత్రూము తలుపు పక్కనే. ఆపరేషన్ అయిన మనిషి కడుపు పట్టుకుని వంగి వంగి నడవటం చూసి తొర్రూరు మమతే పిలిచిందట.

"కుట్లతోని గంత దూరం ఏం నడుస్తవక్కా? ఇటు రా. నేను అటు పోత."

ఇద్దరి అత్తలూ కలిసి పిల్లలను, ఫ్లాస్కులను, బట్టల మూటలను మార్చారు. కేస్ షీట్లను మాత్రం ముట్టుకోలేదు. అవి మంచాల కాళ్ల వైపు కమ్మీకి క్లిప్పులతో వేలాడుతుంటాయి. దవాఖాన కాగితాలు ముట్టుకుంటే సిస్టర్లు తిడతారని వాళ్లకు తెలుసు. అందుకని ఆ రెండు షీట్లూ పాత మంచాలకే ఉండిపోయాయి.

మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు నుంచి ప్యాకెట్ వచ్చింది. డ్యూటీలో ఉన్న రజిత అవుట్‌సోర్సింగ్ కింద చేరిన స్టాఫ్ నర్సు. ఏజెన్సీ పెట్టిన మనిషి కనుక, సూపరింటెండెంట్ ఒక్క ఫోన్ చేస్తే మరునాడు ఆమె కొలువు ఉండదు. నన్ను 'అర్జీలక్క' అన్నవాళ్లలో ఆమె కూడా ఒకతె. మందుల గదిలో అంటుంటే నేను విన్నాను. విన్నానని ఆమెకు తెలియదు.

రక్తం ఎక్కించే ముందు ఇద్దరు నర్సులు కలిసి చూడాలని నియమం. రెండో నర్సును కాన్పుల గదికి పిలిచారు. నేను నెలవారీ మందుల కోసం స్టోరులో ఉన్నాను. రజిత ఒక్కతే ప్యాకెట్ మీది గ్రూపు, నంబరు, గడువు చూసి, కిటికీ దగ్గరి మంచానికి వేలాడుతున్న కేస్ షీట్‌తో సరిపోల్చింది. అన్నీ కలిశాయి. ఎందుకు కలవవు, ఆ ప్యాకెట్టూ ఆ షీటూ డోర్నకల్ మమతవే. తర్వాత మంచం మీది మనిషిని అడిగింది.

"మమతేనా?"

"ఆఁ."

"మీ ఆయన వీరన్ననా?"

ఆమె నవ్వి, తల ఊపింది.

రజిత చుక్కలు నెమ్మదిగా పడేలా పెట్టింది. మొదటి పావుగంట రోగిని వదిలి కదలకూడదని ఇంకో నియమం ఉంది. చాలా వార్డుల్లో అది గోడ మీది అచ్చు కాగితంలోనే ఉంటుంది, మంచం పక్కన ఉండదు. రజిత స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ఈ జ్ఞాపకం రాయగలుగుతున్నానంటే ఆ స్టూలు వల్లనే.

కాసేపటికి మమత, "సిస్టరూ, సలి పెడుతున్నది" అన్నది. ఆ వెంటనే, "నడుము పలిగినట్టయితున్నది" అన్నది. రజిత రెండో మాట పూర్తికాకముందే చుక్క ఆపేసింది. మూల మంచం మీది ఆపరేషన్ మనిషి అప్పుడు తల ఎత్తి చూసింది.

"గదేంది సిస్టరూ? రక్తం ఎక్కిస్తమని పొద్దుగాల డాక్టరమ్మ నాకు గదా రాసింది?"

రజిత అరవలేదు, పరుగెత్తలేదు. గొట్టం మొత్తం మార్చి కొత్త సెట్‌తో సెలైన్ పెట్టింది, డాక్టరమ్మకూ నాకూ కబురు పంపింది, ప్యాకెట్‌ను పారేయకుండా పక్కన పెట్టింది. దాన్ని మళ్లీ బ్లడ్ బ్యాంకుకు పంపి పరీక్ష చేయించాలి. నేను వెళ్లగానే, అడగకముందే తనే చెప్పింది.

"మేడం, తప్పు మనిషికి ఎక్కించిన."

ఇలాంటప్పుడు నర్సులు సాధారణంగా "రియాక్షన్ వచ్చింది" అంటారు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నా ఉద్యోగంలో అంత సూటి మాట నేను ఎక్కువసార్లు వినలేదు.

ఓ గ్రూపు మనిషి ఒంట్లోకి బి గ్రూపు రక్తం పోతే, ఒళ్లు దాన్ని శత్రువుగా చూసి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు మూత్రపిండాలకు అడ్డం పడతాయి. అందుకే గొట్టం పెట్టి మూత్రం సంచి వైపే అందరం చూస్తూ కూర్చున్నాం. మొదట వచ్చిన మూత్రం ఇటుక పొడి కలిపిన నీళ్ల రంగులో ఉంది. డాక్టరమ్మ వరంగల్ పెద్ద దవాఖానకు ఫోన్ చేసి మాట్లాడింది. ఒంట్లోకి పోయిన రక్తం కొంచెమే కాబట్టి, మూత్రం ఆగనంత వరకు ఇక్కడే ఉంచి చూడమన్నారు. 108 బండిని వాకిట్లో నిలబెట్టి ఉంచాం. డోర్నకల్ మమతకు ఇంకో ప్యాకెట్ తెప్పించి, ఇద్దరం చూసి ఎక్కించాం.

సూపరింటెండెంట్ వచ్చి చూసి నన్ను పక్కకు పిలిచారు. రెండు మాటలు చెప్పారు. ఇంటివాళ్లకు చలిజ్వరం అని చెప్పమన్నారు. రజితను మరునాడు ఏజెన్సీకి తిప్పి పంపుతానన్నారు. నేను రెండింటికీ ఒప్పుకోలేదు. చలిజ్వరం అని చెబితే రేపు మూత్రం ఆగినప్పుడు ఏం చెబుతామని అడిగాను. నిజం చెప్పిన మనిషిని పంపేస్తే, ఈ వార్డులో ఇక ఎవరూ నిజం చెప్పరని అన్నాను.

"నీకు ప్రతిదీ కొట్లాటే సిస్టర్" అన్నారాయన.

'మీకు' అనలేదు, 'నీకు' అన్నారు. నేను అది గుర్తు పెట్టుకున్నాను. గుర్తు పెట్టుకుని, ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లాను.

తొర్రూరు మమత అత్త పేరు ఎల్లమ్మ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపిస్తుంది. భర్త వీరన్న ఆటో నడుపుతాడు. గోడకు ఆనుకుని నిలబడి సంచి వైపే చూస్తున్నాడు. నేను చెబుతానని రజితతో అన్నాను. ఆమె వినలేదు, తనే ముందుకు వచ్చింది.

"అవ్వా, ఆ మూల మంచం అక్కకు ఎక్కియ్యాల్సిన రక్తం నీ కోడలికి ఎక్కించిన. తెలువంగనే ఆపిన. తప్పు నాదే."

ఎల్లమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

"కండ్లు నెత్తికెక్కినయా నీకు? మేం మనుషులమనుకున్నవా, మంచాలమనుకున్నవా? పసిగుడ్డు తల్లి అది! దానికేమన్నయితే నిన్ను కురవి వీరన్న ఇడిచిపెడ్తడా?"

అంతటితో ఆగలేదు. ఇక్కడ రాయదగినవి కొన్ని, రాయకూడనివి ఎన్నో అన్నది. రజిత తల వంచుకుని అన్నీ విన్నది. వీరన్న ఒక్క మాటే అడిగాడు: "బతుకుతది గదా సిస్టర్?" డాక్టరమ్మ తనకు తెలిసినంత వరకే, తెలిసినట్టుగానే చెప్పింది. ప్రమాదం ఉందని, గండం దాటే అవకాశం ఎక్కువ ఉందని, మూత్రం రంగు తేటపడితే నమ్మవచ్చని.

రజిత డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. స్టూలు మీదే కూర్చుని మూత్రం కొలిచి రాస్తూ, మమత చేయి పట్టుకుని ఉంది. బిడ్డ ఏడిస్తే ఎత్తుకుని తల్లి పక్కన పట్టింది. దీపాలు వెలిగే వేళకు ఎల్లమ్మ సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. కాసేపు రజిత వైపు కోపంగా చూసింది.

"పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

రజిత లేదన్నట్టు తల ఊపింది.

"ఇగో, గీ రొట్టె తిను. తిన్నంక మల్ల తిడ్త."

రజిత అప్పుడు ఏడ్చింది. అంతసేపు ఏడవనిది రొట్టె చేతిలో పెట్టాక ఏడ్చింది. ఎల్లమ్మ తన మాట ప్రకారం తిన్నాక మళ్లీ తిట్టింది. కానీ ఈసారి గొంతు వరండా దాకా పోలేదు.

మరునాడు ఉదయం మూత్రం రంగు కొంత పలచబడింది. సూపరింటెండెంట్ విచారణ అని మా ఇద్దరినీ గదికి పిలిచారు. నిలబెట్టే అడిగారు. పేరు అడిగావా అన్నారు. అడిగిన సార్ అన్నది రజిత. భర్త పేరు అడిగావా అన్నారు.

"నేనే చెప్పి అడిగిన సార్. తలూపింది."

"తలూపితే రక్తం ఎక్కిస్తావా? ఆమె నోటితో చెప్పించాలని నీకు ట్రైనింగ్‌లో చెప్పలేదా? ఇందులో పెద్ద విద్య ఏముంది? పద, నేను అడుగుతా, చూద్దువు గాని."

నిజంగానే లేచి వార్డుకు వచ్చారు. మూల మంచం మీది డోర్నకల్ మమత దగ్గర ఆగారు.

"నీ పేరేంటమ్మా?"

"మమత సార్."

"భర్త పేరు?"

ఆమె పక్కనున్న అత్తను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వింది.

"చెప్పమ్మా. డాక్టర్ దగ్గర సిగ్గేంటి?"

"అది చెప్పది సారూ" అన్నది అత్త. "మొగని పేరు నోటితోని అంటరా ఎవలన్న? నలబై ఏండ్లాయె, నేనే అనలే."

వెనక రౌండ్లు మిగిలి ఉన్నాయి. ఆయనకు తొందర. చేతిలోని కేస్ షీట్ చూసి, "వీరన్నేనా?" అన్నారు.

ఆమె తల ఊపింది.

కిటికీ దగ్గర కోడలికి జావ తాగిస్తున్న ఎల్లమ్మ తల తిప్పకుండానే అన్నది:

"ఆ పోరి గూడ గట్లనే అడిగింది సారూ."

ఆయన ముఖం ఎర్రబడుతుందనుకున్నాను. ఎర్రబడలేదు. కేస్ షీట్‌ను దాని క్లిప్పుకు తగిలించారు. తర్వాత నాతో, మిగిలినవాళ్లకు వినపడనంత మెల్లగా, ఒక మాట చెప్పారు. చిన్నప్పుడు రేషన్ దుకాణంలో కార్డు ఎవరి పేరు మీద ఉందని అడిగితే, వాళ్లమ్మ ఈయన వీపు మీద తట్టి "చెప్పురా" అనేదట. ఆమె పోయేదాకా భర్త పేరు పలకడం ఆయన వినలేదట.

గదికి తిరిగి వచ్చాక ఆయన ఏజెన్సీకి ఫోన్ చేయలేదు. అట్లాగని వదిలేయనూ లేదు.

"ఇది రజిత ఒక్కతి తప్పు కాదని ఒప్పుకుంటాను. కానీ మనం అడిగే పద్ధతి ఇదే అయితే రేపు మళ్లీ జరుగుతుంది. ఇంకో పద్ధతి చూపండి. వారంలో చూపితే ఆమె ఉంటుంది. లేకపోతే నేను పైకి జవాబు చెప్పలేను."

'చూపండి' అన్నారు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

ఇతర చోట్ల రోగి చేతికి నంబరు పట్టీ కడతారని నాకు తెలుసు. అంతకుముందు దాని మీద రెండుసార్లు అర్జీ కూడా పెట్టి ఉన్నాను. కానీ పట్టీ మీద ఏం రాయాలి? మమత, భర్త వీరన్న అని రాస్తే ఇద్దరి చేతికీ ఒకే పట్టీ. నంబరు మాకు పనికొస్తుంది, రోగికి నోటికి రాదు. రోగి తన నోటితో చెప్పేది ఒకటి ఉండాలి. పుట్టిన తేదీ అడిగితే సగం మంది ఆధార్ కార్డు వెతుకుతారు. ఫోన్ నంబరు భర్త దగ్గర ఉంటుంది. ఎంత తిప్పి ఆలోచించినా ఏదీ నిలవలేదు. రజిత డ్యూటీకి వచ్చి పోతోంది, ఎవరి ముఖమూ చూడటం లేదు. ప్రతి పూటా తాళాలు అప్పగించేటప్పుడు ఇదే చివరిసారి అన్నట్టు అప్పగించేది.

మూత్రం పూర్తిగా తేటపడిన రోజు నేను తొర్రూరు మమత మంచం మీద కూర్చున్నాను. గొట్టం తీసేశాం. బిడ్డ పాలు తాగి పడుకుంది. ఆమెను మెల్లగా అడిగాను, రక్తం తెచ్చినప్పుడు నాకు రాయలేదని ఎందుకు అనలేదని.

"నాకే అనుకున్న మేడం. మీరు తెచ్చిన్రంటే నాకే గదా. వద్దంటే సిస్టర్ ఏమనుకుంటదో."

"పోనీ, మీ ఆయన పేరు నోటితో చెబితే?"

"నోట్లకెళ్లి రాదు మేడం. అత్త ముంగట అసలే రాదు."

"మరి ఏ పేరడిగితే వస్తది నీకు?" విసుగుతోనే అన్నాను. "మీ నాయిన పేరడిగితే వస్తదా?"

ఆమె దిండు మీంచి లేచి కూర్చుంది. నాలుగైదు రోజులుగా పాలిపోయి ఉన్న ముఖం అది.

"మా నాయినా? సత్తయ్య! బోరు మోటర్ల సత్తయ్య అంటే మా దిక్కు పది ఊర్లు చెప్తయి మేడం. నీళ్లల్ల మోటరు కాలిందంటే పట్నం మెకానిక్కులు వద్దన్నది మా నాయిన బాగు చేసిండు. వానకాలం ఓపాలి…"

"ఇగ మొదలువెట్టింది" అన్నది ఎల్లమ్మ. "వాళ్ల నాయిన ముచ్చటంటే పొద్దుగూకినా ఒడువది. పెండ్లయి మూడేండ్లాయె, ఇంక నాకు చెవులు పోటు పోలే."

నేను లేచి నేరుగా మూల మంచం దగ్గరికి వెళ్లి డోర్నకల్ మమతను అడిగాను. మీ నాయిన పేరేంది, తల్లిగారి ఊరేంది అని. కొంగు నోటి దాకా పోలేదు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తండ్రి పేరు, ఆ ఊరి పేరు, అడగకుండానే అన్నల పేర్లు కూడా చెప్పింది. వార్డంతా తిరిగి అడిగాను. అడిగినవాళ్లలో ఒక్కరూ తడుముకోలేదు. తండ్రి చిన్నప్పుడే పోయిన ఒక పిల్ల, పెంచిన మేనమామ పేరు చెప్పనా అని అడిగింది. నీ నోటికి ఏది వస్తే అదే చెప్పమన్నాను.

పద్ధతి అలా తయారైంది. మామూలు తెల్ల ప్లాస్టర్‌ను వెడల్పుగా కత్తిరించి, వార్డులో చేరగానే మణికట్టుకు చుట్టాలి. దాని మీద నంబరు, పేరు, తండ్రి పేరు, తల్లిగారి ఊరు. అవి కాగితం చూసి రాయకూడదు, ఆమె చెబుతుంటే రాయాలి. మందు ఇచ్చేటప్పుడు, రక్తం ఎక్కించేటప్పుడు, బిడ్డను చేతికిచ్చేటప్పుడు నర్సు అడగాలి, రోగి చెప్పాలి. పేర్లు నర్సు అందించకూడదు. కేస్ షీట్ మంచానికి చెందినది కాదు. మణికట్టు మీది నంబరుతో కలిస్తేనే అది ఆ మనిషిది.

మొదటి రెండు రోజులు గొడవలయ్యాయి, అత్తలతో. "మా ఇంటి కోడలికి వాళ్ల నాయిన పేరెందుకు కట్టిన్రు? మేం సచ్చినమా?" అని ఒకామె రజిత మీదికి లేచింది. రజిత జవాబు వెతుక్కునేలోపు ఎల్లమ్మ వెళ్లింది.

"ఓ అక్కా, నీ కొడుకు పేరు నీ ఇంట్ల పెట్టుకో. ఈడ గీ పట్టీ లేకనే మా పిల్ల ఒంట్లకు వేరేటోళ్ల రక్తం పోయింది. నీ కోడలికి గూడ గట్ల కావాల్నా?"

ఆమె కూర్చుంది. ఎల్లమ్మ ఉన్నన్నాళ్లు ఆ పని మాకు తప్పింది. రజితను తిట్టిన నోటితోనే, రజిత పని తరఫున వార్డంతా వాదించింది. దాని గురించి ఎవరూ ఆమెకు కృతజ్ఞత చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

వారం చివర సూపరింటెండెంట్ వార్డుకు వచ్చి తనే అడిగి చూశారు. మంచం తర్వాత మంచం, షీట్ చూడకుండా. ఎవరూ తల ఊపలేదు, అందరూ చెప్పారు. ఒకామె తండ్రి పేరుతో పాటు తాత పేరు కూడా చెబితే, ఆయన ఓపికగా విన్నారు. రౌండ్లు అయ్యాక, రజిత పనిలో కొనసాగుతుందని, జరిగిన సంఘటన ఉన్నది ఉన్నట్టుగా రాసి పైకి పంపమని చెప్పారు. రాయడం నాకు కొత్త కాదు. ఇద్దరు నర్సులు చూడాల్సిన చోట ఒక్కరే ఎందుకున్నారో కూడా రాశాను. అది కొట్టేయమన్నారు. నేను కొట్టేయలేదు. ఆయన అట్లాగే సంతకం చేశారు.

తొర్రూరు మమతను ఇంటికి పంపే రోజున వాళ్ల నాయిన వచ్చాడు. బాలింతను తల్లిగారింటికి తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. సత్తయ్య చేతుల నిండా గ్రీజు మరకలు, కడిగినా పోనివి. బిడ్డను ఎత్తుకోవడానికి అంగీకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. రజిత పట్టీ కత్తిరించడానికి కత్తెర తెచ్చింది. మమత చేయి వెనక్కి తీసుకుంది.

"జర ఆగు సిస్టరూ. నాయినా, ఇటు సూడు. గిక్కడ నీ పేరు రాసిన్రు."

సత్తయ్యకు చదువు రాదు. ఆమె అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించింది. ఆయన ఆ ప్లాస్టర్ ముక్కను చాలాసేపు చూశాడు.

"నా పేరెందుకు రాసిన్రు బిడ్డా?"

"నేను వేరేటోళ్లను కాదని తెలువాలె గదనే" అన్నది మమత.

రజిత కత్తెర జేబులో పెట్టుకుంది. పట్టీతోనే పంపించాం. నియమం ప్రకారం తీసేయాలి. ఆ ఒక్కసారికి నేను చూడనట్టు ఊరుకున్నాను. వాకిట్లో ఆటో కదిలేముందు ఎల్లమ్మ రజితను పిలిచి, "యాళ్లకింత తినుమని చెప్పు ఈ పోరికి" అని నాతో అన్నది, రజిత నా పక్కనే నిలబడి ఉండగా.

2019లో నన్ను భూపాలపల్లి జిల్లాకు బదిలీ చేశారు, మళ్లీ పరిపాలనా సౌలభ్యం కిందనే. ఇద్దరు నర్సుల నియమం మీద నేను పెట్టిన అర్జీలు కొన్ని అప్పటికి పైదాకా వెళ్లాయి. అక్కడ బొగ్గు బావుల ఇళ్ల నుంచి, అడవి అంచు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. పేర్లు వేరు, సంకోచాలు వేరు. మహబూబాబాద్ పద్ధతిని అట్లాగే దించలేదు. మొదటి నెల మొత్తం, ఎవరు ఏ మాట తడుముకోకుండా చెబుతారో అడిగి తెలుసుకోవడానికే పెట్టాను. అక్కడి నుంచే రిటైరయ్యాను.

ఈ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. రోగిని గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలో జవాబు ఉండకూడదు. మన దగ్గర డాక్టరుకో నర్సుకో కాదని చెప్పడం అమర్యాద అనుకునేవాళ్లు ఎక్కువ; వాళ్లు ఊపే తల ఒప్పుకోలు కాదు, మర్యాద మాత్రమే. రోగి ఏ మాటను సంకోచం లేకుండా పలకగలదో అదే అడగాలి, అది ఊరూరికీ మారుతుంది. ఇక పొరపాటు జరిగినప్పుడు ముందు తెలుసుకోవాల్సింది ఎవరు చేశారని కాదు, అదే చోట ఇంకొకరు నిలబడినా అదే చేసేవారా అని. చేసేవారే అయితే మార్చాల్సింది పద్ధతిని. రజితను ఆ వారం పంపించి ఉంటే మాకు ఒక మంచి నర్సు తగ్గేది, మూల మంచానికీ కిటికీ మంచానికీ వేలాడే షీట్లు అట్లాగే వేలాడేవి, ఆ తర్వాత జరిగే తప్పును ఎవరూ మాకు చెప్పి ఉండేవారు కాదు.